పని చేస్తున్న కాలయంత్రం

మా సంస్థలో ఒక వస్తువు ఉందా లేదా అన్నది కళ్ళతో చూసి చెప్పే సంగతి కాదు, స్టాకు రిజిస్టరు చూసి చెప్పాలి. రిజిస్టరులో ఉంటే ఉన్నట్టు. లేకపోతే, మీరు దానిమీదే కూర్చుని ఉన్నా సరే, లేనట్టు. మూడో అంతస్తుకు పోయే లిఫ్టు నేను ఉద్యోగంలో చేరిన నాటి నుంచి కదల్లేదు. రిజిస్టరులో మాత్రం దానికి ఎదురుగా ఏటా "పని చేస్తున్నది" అని రాస్తారు. పని చేయడం లేదని రాస్తే ఒక ఫారం నింపాలి, మూడు కమిటీలు కూర్చోవాలి, ఎవరి హయాంలో చెడిందో తేల్చాలి. పని చేస్తున్నదని రాస్తే ఒక్క సంతకంతో పోతుంది. అందుకని మేమంతా లిఫ్టు పని చేస్తున్నదని మనస్ఫూర్తిగా నమ్ముతూ, రోజూ మెట్లెక్కుతూ ఉంటాం.

నా పేరు శేషగిరి. హైదరాబాదులో ఒకానొక ప్రభుత్వ టీవీ సంస్థలో స్క్రిప్టు అసిస్టెంటుని. పోయినేడాది మా పైవాళ్ళకు ఉన్నట్టుండి సైన్సు మీద ప్రేమ పుట్టింది. యువతలో శాస్త్రీయ దృక్పథం పెంచేలా ఒక సీరియల్ తీయమని ఉత్తర్వు వచ్చింది. మా డైరెక్టర్ చక్రధరరావు గారు స్టాఫ్ మీటింగు పెట్టి, "వర్చువల్ రియాలిటీ, టైమ్ ట్రావెల్ రెండూ కలిపి కొట్టాలయ్యా. యాభై రెండు వారాలు. రేపు ఉదయానికల్లా కథ కావాలి," అన్నారు. ఆ రేపు ఉదయానికి నేను "మొన్నటి రేపు" అనే సీరియల్ రాసి ఇచ్చాను. డాక్టర్ మాధవి అనే శాస్త్రవేత్త వర్చువల్ కళ్ళద్దాలు పెట్టుకుని కాలయంత్రంలో కూర్చుంటుంది. ఏ కాలానికి కావాలంటే ఆ కాలానికి పోతుంది. ఏ కాలానికైనా అంటే మా బట్టల గదిలో దుస్తులున్న ఏ కాలానికైనా అని అర్థం. పాత చారిత్రక సీరియల్ తాలూకు కాకతీయుల బట్టలు నాలుగు పెట్టెలున్నాయి కనక కథ మొదట కాకతీయుల కాలానికి పోయింది.

కాలయంత్రాన్ని చేసింది వడ్ల సోమాచారి.

సోమాచారి మా సెట్ కార్పెంటరు. ఇరవై నాలుగేళ్ళుగా పని చేస్తున్నాడు, ఇరవై నాలుగేళ్ళుగా కాజువలే. మా సంస్థలో కాజువల్ మనిషికి గేటు పాసు ఎనభై తొమ్మిది రోజులకే ఇస్తారు. తొంభయ్యో రోజు కూడా పనిచేస్తే పర్మనెంటు చేయమని అడుగుతాడేమోనని భయం. అంచేత ఆ ఒక్కరోజు సోమాచారి సంస్థకు ఏమీ కాడు. గేటు ఎదురుగా టీ కొట్టు బెంచీ మీద కూర్చుంటాడు. లోపల సెట్ ఒరిగిపోతే, మేకు ఎక్కడ కొట్టాలో ప్రహరీ అవతలి నుంచి అరిచి చెబుతాడు. మర్నాడు మళ్ళీ కొత్త పాసు, కొత్త ఎనభై తొమ్మిది.

ఒక్కసారి మాత్రం ఆయనకు తలుపు తెరుచుకుంది. 2009లో కాజువల్ వాళ్ళను పర్మనెంటు చేస్తామనీ, జూన్ 30 సాయంత్రం అయిదింటిలోపు దరఖాస్తు ఇవ్వాలనీ నోటీసు పెట్టారు. జూన్ 30న సోమాచారి రెండో నంబరు స్టూడియోలో ఒక పెద్దమనిషి రాక కోసం వేదిక కడుతున్నాడు. జులై 1 ఉదయం పది గంటలకు దరఖాస్తు ఇచ్చాడు. "గడువు మీరినది" అని చెప్పి తిప్పి పంపారు. ఆ కాగితాన్ని మడత పెట్టి పనిముట్ల పెట్టె అడుగున దాచుకున్నాడు. ఆ ముచ్చట ఎప్పుడూ ఎత్తడు. అడిగితే, "ఏం జేస్తం సార్, గా దినం మేకులు ఎక్కువున్నయి," అంటాడు.

పాత ఎస్.టి.డి. బూతు ఒకటి స్టోరు వెనక పడి ఉంటే దాన్ని తెచ్చి, టేబుల్ ఫ్యాను జాలీలు, పెళ్ళి పందిళ్ళ సీరియల్ బల్బులు బిగించి, వెండి రంగు కొట్టి వారం రోజుల్లో కాలయంత్రం నిలబెట్టాడు. వెల్డింగు వాళ్ళు పెట్టుకునే నల్ల కళ్ళద్దాలు రెండు జతలు తెచ్చి, చుట్టూ రేకు అతికించి వర్చువల్ కళ్ళద్దాలు చేశాడు. అవి పెట్టుకుంటే మన చెయ్యి మనకు కనిపించదు. డాక్టర్ మాధవి వేషం వేసే సరయు మొదటి రోజే గోడకు గుద్దుకుంది.

స్టోర్ కీపర్ నాగభూషణం రిజిస్టరు తెరిచి పేరు అడిగాడు. "కాలయంత్రం" అన్నాను.

"డమ్మీ అని రాయమంటారేంటండీ?"

"నీ ఇష్టం."

"డమ్మీ అంటే పనిచెయ్యందనేగా అర్థం? మళ్ళీ ఫారం నింపాలి. ఎందుకొచ్చిన గోలండీ బాబూ!" అని నాగభూషణం గుండ్రని అక్షరాలతో రాసేశాడు: "కాలయంత్రం – 1. వర్చువల్ కళ్ళద్దాలు – 2 జతలు. స్థితి: పని చేస్తున్నవి." కింద ఆయన సంతకం, పక్కన పరిపాలనాధికారి ఉభయభారతి గారి సంతకం, ఆపైన ఆకుపచ్చ ఇంకుతో డైరెక్టర్ గారి సంతకం పడ్డాయి. ముగ్గురిలో ఒక్కరూ చదవలేదు. మా దగ్గర చదివితే సంతకం పెట్టడం కష్టం.

మొదటి మూడు ఎపిసోడ్లు సాఫీగానే ప్రసారమయ్యాయి. నాలుగో వారం ఉభయభారతి గారు సెట్ మీదికి వచ్చారు. మంచావిడే. అయితే రూలు పుస్తకంలో లేని గాలి కూడా పీల్చరు.

"శేషగిరి గారూ, ఇది సంస్థ ఆస్తి. ప్రయాణ సాధనం. లాగ్ బుక్ ఏదీ?"

"మేడమ్, ఇది సీరియల్ కోసం..."

"జీపుకు లాగ్ బుక్ ఉంది. జనరేటర్‌కు ఉంది. పని చేస్తున్న యంత్రానికి లాగ్ బుక్ లేకపోవడమనేది తీవ్రమైన లోపంగా పరిగణించబడుతుంది."

లాగ్ బుక్ తెరిచాం. ఎవరు వెళ్ళారు, గమ్యం, బయలుదేరిన సమయం, తిరిగి చేరిన సమయం, ఆలస్యమైతే కారణం, పర్యవేక్షక అధికారి సంతకం అని గడులు. ప్రతి షూటింగు తర్వాతా నేను నింపేవాణ్ణి. "డాక్టర్ మాధవి. క్రీ.శ. 1262, ఓరుగల్లు. ఉదయం 11.20. తిరుగు రాక మధ్యాహ్నం 12.05. ఆధారం: సీను నంబరు 14." రెండు వారాలకు ఉభయభారతి గారి నుంచి నోట్ వచ్చింది. సంస్థ ఏర్పడింది 1984లో. సంస్థ లేని కాలానికి సంస్థ యంత్రం ఏ అధికారంతో వెళ్ళింది? ఇకపై 1984కు ముందు ప్రయాణాలు అనుమతించబడవు. భవిష్యత్తు విషయానికొస్తే, ఆర్థిక సంవత్సరం ముగిసే మార్చి 31 వరకు మాత్రమే మంజూరు చేయడమైనది.

నేను డైరెక్టర్ గారి దగ్గరికి పరుగెత్తాను. "సార్, కాకతీయులు పోతే కథే పోతుంది. భవిష్యత్తు మార్చి దాకా అంటే అక్కడ ఏం చూపించాలి?"

"వేసవి చూపించవయ్యా," అన్నారాయన.

అలా మా సీరియల్‌లో డాక్టర్ మాధవి కాలాన్ని చీల్చుకుంటూ, భయంకరమైన మెరుపుల మధ్య, రాబోయే మార్చి నెలకు వెళ్ళి కుండలో నీళ్ళు తాగి వచ్చింది. ప్రేక్షకులు బాగుందని ఉత్తరాలు రాశారు. అది నన్నింకా బాధపెట్టింది.

ఈ సరదా ఇలా సాగుతుండగా ఆగస్టులో సర్క్యులర్ వచ్చింది. యాభై అయిదేళ్ళు దాటిన కాజువల్ సిబ్బందికి, ఇప్పుడున్న ఎనభై తొమ్మిది రోజులు ముగిశాక, మళ్ళీ పాసులు ఇవ్వరాదని. సోమాచారికి యాభై ఏడు. పాసు గడువు ఇంకా పన్నెండు రోజులుంది.

ఆ సాయంత్రం ఆయన స్క్రిప్టు గదికి వచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు. చేతిలో పదహారేళ్ళ నాటి దరఖాస్తు.

"శేషగిరి సారూ, ఒక ముచ్చట అడగాలె. తప్పయితే చెప్పుండ్రి."

"అడుగు ఆచారీ."

"మన యంత్రం పని చేస్తదని రిజిస్టర్ల రాసిండ్రంట గద. నాగభూషణం సారు చెప్పిండు. నన్ను ఒక్కపారి ఎన్కకు తోలుండ్రి. శానా దూరమేం వద్దు. 2009, జూన్ ముప్పై. కాయితం ఇచ్చి మల్ల వచ్చేస్త."

నేను నవ్వబోయి ఆగాను. ఆయన ముఖంలో నవ్వు లేదు. "నువ్వే కదయ్యా చేసింది? అందులో ఏముందో నీకు తెలీదా?"

"నాకు ఎర్కనే సార్. ఎస్.టి.డి. డబ్బా. గని నాకు ఎర్కుంటే ఏం ఫాయిద? నేను ఇరవై నాలుగేండ్ల సంది ఈడ పని చేస్తున్ననని గుడ నాకు ఎర్కనే. రిజిస్టర్ల లేదు గద."

ఆ మాట నాకు సూటిగా తగిలింది. నేనే కూర్చుని ఆయన పేర అర్జీ రాశాను: సంస్థ ఆస్తి అయిన కాలయంత్రంలో ఒకసారి ప్రయాణించుటకు అనుమతి కోరుతూ.

డైరెక్టర్ గారి గదిలో మీటింగు పెట్టారు. చక్రధరరావు గారు అర్జీ చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ చదివారు. "ఏమిటీ పిచ్చి? అది పనిచేస్తుందా ఏమన్నానా?"

ఉభయభారతి గారు మెల్లగా స్టాకు రిజిస్టరు ఆయన ముందుకు జరిపారు. ఆకుపచ్చ సంతకం నిగనిగలాడుతోంది.

"పని చేయదని తమరు ఆదేశిస్తే, ఈ నమోదు తప్పుడు నమోదు అవుతుంది. తప్పుడు నమోదును ధ్రువీకరించిన ముగ్గురు అధికారులపై శాఖాపరమైన విచారణ అనివార్యమవుతుంది. అందులో నేనూ ఉన్నాను, తమరూ ఉన్నారు. పైగా నలభై ఆరు ప్రయాణాలకు లాగ్ బుక్ సాక్ష్యం ఉంది."

డైరెక్టర్ గారు కక్కలేక మింగలేక కాసేపు సీలింగు ఫ్యాను వైపు చూశారు. "పని చేయదని నేను అన్నానా? అడిగానంతే," అన్నారు.

ఆ తర్వాత చర్చ ఎంతో హుందాగా సాగింది. వెళ్ళేది మనిషా, మనిషి తాలూకు వర్చువల్ రూపమా అని ఒక ప్రశ్న వచ్చింది. వర్చువల్ రూపమే కనక ప్రయాణ భత్యం ఇవ్వనక్కర్లేదని తేల్చి అందరూ ఊపిరి పీల్చుకున్నారు. అప్పట్లో దరఖాస్తులు తీసుకునే ఇన్‌వర్డ్ గుమాస్తా ఎవరని వెతికితే, సాక్షాత్తూ మన నాగభూషణమే.

"ఆ రోజు సోమాచారి మీకు దరఖాస్తు ఇచ్చినట్టు గుర్తుందా?" అడిగారు ఉభయభారతి గారు.

"లేదండీ. ఇవ్వలేదు కదండీ."

"ఇంకా ఇవ్వలేదు. వెళ్ళి ఇచ్చాక గుర్తుకొస్తుందేమో చూడండి."

నాగభూషణం "అలాగేనండీ," అన్నాడు. సగం జీవితం సర్కారు కొలువు చేసినవాడికి జ్ఞాపకశక్తి కూడా ఉత్తర్వును బట్టే ఉంటుంది.

ప్రయాణం మర్నాడు పదకొండు గంటలకు. సంస్థ సంస్థంతా స్టూడియోలో గుమిగూడింది. సోమాచారి ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. దరఖాస్తు జేబులో పెట్టుకుని, నల్ల కళ్ళద్దాలు తగిలించుకుని బూతులో కూర్చున్నాడు. బల్బులు వెలిగాయి, ఫ్యాను జాలీ తిరిగింది. అయిదు నిమిషాలైంది. నవ్వుదామని వచ్చినవాళ్ళు నవ్వడం మర్చిపోయారు. అద్దంలోంచి ఆయన పెదాలు కదులుతున్నాయి.

తలుపు తీసుకుని బయటికి వచ్చాడు. "ఏం చూశావ్ ఆచారీ?" అన్నాను.

"అంత గట్లనే ఉన్నది సార్. రెండో స్టూడియో. స్టేజి కొడుతున్న. నాలుగున్నరకు పోయి అడిగిన, సార్, జర ఇన్‌వర్డ్‌ల కాయితం ఇచ్చొస్త, పది నిమిషాలు అని. ముందు గీ మేకులు కొట్టు, కాయితం ఎక్కడికి పోదు అన్నరు. కొట్టిన. అయిపొయ్యేటాల్లకు ఏడు దాటింది." కళ్ళద్దాలు తీసి నా చేతిలో పెట్టాడు. "ఈపారి అడగలే. సుత్తె ఆడ వెట్టి పోయిన. ఇచ్చొచ్చిన."

డైరెక్టర్ గారు వాచీ చూసుకుంటూ బయటికి నడిచారు. అప్పట్లో ఆ కార్యక్రమం ప్రొడ్యూసరు ఎవరో మాలో పాతవాళ్ళందరికీ తెలుసు. ఆయనకూ తెలుసు.

దరఖాస్తు మీద 30-6-2009 ముద్ర వేయాలి. ఇప్పటి ముద్రలో 2009 లేదు. స్టోరులో వెతికి పాత రబ్బరు ముద్ర పట్టుకొచ్చారు. పక్కన ఇన్‌వర్డ్ గుమాస్తా సంతకం పెట్టమంటే నాగభూషణం కాసేపు ఆలోచించాడు. "అప్పట్లో నా సంతకం చివర ఒక తోక ఉండేదండీ," అని తోకతో సహా పెట్టాడు. పెట్టాక ఆ రోజు తనకు లీలగా గుర్తొస్తోందనీ, సోమాచారి చేతికి రంపపు పొట్టు అంటుకుని ఉందనీ కూడా చెప్పాడు.

ఫైలు హెడ్డాఫీసుకు పోయింది. అక్కడ పదహారేళ్ళుగా పెండింగులో ఉన్న దరఖాస్తు బయటపడేసరికి కలకలం రేగింది. అంత పాత పెండింగు దేశంలో ఇంకెక్కడా లేదట. పార్లమెంటులో ప్రశ్న వేస్తారేమోనన్న భయంతో నాలుగే రోజుల్లో ఉత్తర్వు పంపించేశారు: వడ్ల సోమాచారిని 30-6-2009 నుంచి సెట్ కార్పెంటరుగా పర్మనెంటు చేయడమైనది. స్టూడియోలో మిఠాయిలు పంచాం. సోమాచారి ఒక లడ్డూ తిని, ఒకటి ఇంటికి కట్టించుకున్నాడు.

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని ఊరికే అనలేదు పెద్దలు.

మర్నాడు ఉదయం నేను వచ్చేసరికి సోమాచారి గేటు బయట నిలబడి ఉన్నాడు. సెక్యూరిటీ ధర్మా నాయక్ దండం పెట్టినంత పని చేస్తున్నాడు.

"ఏం జేయాలె సార్, ఆచారన్న కాజువల్ పాసు క్యాన్సిల్ అయింది. పర్మనెంటు మనిషికి కాజువల్ పాసు నడ్వదంట. పర్మనెంటు పాసు ఏమో ఇంక రాలే."

ఉభయభారతి గారి గదికి పోయాను. ఆవిడ లాగ్ బుక్ తెరిచి చూపించారు. సోమాచారి పేరుకు ఎదురుగా "తిరిగి చేరిన సమయం" గడి ఖాళీ.

"డాక్టర్ మాధవి ప్రతిసారీ తిరిగి వచ్చినట్టు సీను నంబరు ఆధారం ఉంది. ఈయన తిరుగు రాకకు ఆధారం ఏదీ?"

"మేడమ్, మనిషి గేటు దగ్గర నిలబడి ఉన్నాడు!"

"గేటు దగ్గర ఎవరో నిలబడి ఉండవచ్చు, శేషగిరి గారూ. రికార్డు ప్రకారం సోమాచారి 2009లో విధి నిర్వహణలో ఉన్నారు. ఆయన పోస్టు అక్కడే ఉంది, హాజరు పట్టీ అక్కడే ఉంది. తిరుగు ప్రయాణానికి, ఆయన వెళ్ళి చేరిన ఆ జూన్ 30న అక్కడ ఆయనపై పర్యవేక్షణాధికారం గల అధికారి సంతకం కావాలి. అంటే ఆనాటి ప్రొడ్యూసరు. ఆ అధికారి అక్కడికి వెళ్ళి సంతకం చేసి రావాలి."

ఆనాటి ప్రొడ్యూసరు ఈనాటి డైరెక్టరు. ఆయన గదికి మూడుసార్లు పోయాను. మూడుసార్లూ "చూద్దాం" అన్నారు. చూద్దాం అంటే మా సంస్థలో ఏమిటో మీకు చెప్పక్కర్లేదు. సోమాచారి టీ కొట్టు బెంచీ మీద కూర్చున్నాడు. ఒకరోజు కాదు, తొమ్మిది రోజులు. ఉన్న కాజువల్ ఉద్యోగం పోయింది, వచ్చిన పర్మనెంటు ఉద్యోగం పదహారేళ్ళ కింద ఉంది. నేను చేసిన సాయానికి నాకే తల కొట్టేసినట్టయింది. ఆయన దగ్గర టీ తాగాలంటే సిగ్గేసేది.

పదో రోజు మధ్యాహ్నం సరయు కాలయంత్రంలో ఇరుక్కుపోయింది.

షూటింగు మధ్యలో తలుపు బిగుసుకుంది. ఎంత లాగినా రాదు. లోపల ఫ్యాను లేదు, ఉన్నది జాలీ మాత్రమే. సరయు అద్దం మీద దబదబ బాదుతోంది. కొత్త కార్పెంటరు ఉలి తెచ్చేసరికి ఉభయభారతి గారు అడ్డం నిలబడ్డారు. "పని చేస్తున్న ఆస్తిని పగలగొట్టడానికి హెడ్డాఫీసు అనుమతి కావాలి!"

డైరెక్టర్ గారు స్వయంగా ప్రహరీ దగ్గరికి పరుగెత్తారు. వెనకాల మేమంతా. "ఆచారీ! ఓ ఆచారీ! ఆ తలుపు గొళ్ళెం ఎక్కడుందయ్యా?"

అవతల బెంచీ మీద టీ ఊదుకుంటున్న శబ్దం వినిపించింది.

"నేను 2009ల ఉన్న సార్," అన్నాడు సోమాచారి. "గోడ మీదికెళ్ళి ఒర్లితే నాకెట్ల ఇనవడ్తది?"

ఇరవై నాలుగేళ్ళలో ఆయన ఎవరికీ ఎదురు మాట చెప్పగా మేం వినలేదు. డైరెక్టర్ గారు ఎర్రబడ్డారు, తర్వాత తెల్లబడ్డారు. లోపల నుంచి సరయు ఏడుపు వినిపిస్తోంది. "సరే, సంతకం పెడతాను, తెండి లాగ్ బుక్!"

"ఇక్కడ పెడితే చెల్లదు సార్. 2009కి వెళ్ళి పెట్టాలి," అన్నారు ఉభయభారతి గారు.

"యంత్రంలో ఆ పిల్ల ఉంది కదమ్మా!"

ఆవిడ ఒక్క క్షణం ఆలోచించారు. ఆ క్షణంలో ఆవిడ ముఖం వెలిగిపోయింది. "రిజిస్టరులో కళ్ళద్దాలు విడిగా నమోదై ఉన్నాయి. ప్రయాణం వర్చువల్ అని కమిటీ తీర్మానించి ఉంది. కనక యంత్రం అందుబాటులో లేనప్పుడు కళ్ళద్దాలతో వెళ్ళవచ్చు."

నాగభూషణం రెండో జత తెచ్చాడు. మిట్ట మధ్యాహ్నం, నడిరోడ్డు మీద, గేటుకీ టీ కొట్టుకీ మధ్య, మా డైరెక్టర్ చక్రధరరావు గారు వెల్డింగు కళ్ళద్దాలు పెట్టుకుని 2009కి వెళ్ళారు. ఒక ఆటో ఆగి చూసింది. టీ కొట్టు రేడియో ఎవరో తగ్గించారు.

లాగ్ బుక్ ఆయన చేతికిచ్చి, కలం గడి మీద పెట్టించాను. కళ్ళద్దాలు తీస్తే తిరిగి వచ్చేసినట్టు లెక్క, అందుకని చూడకుండానే రాయాలి. ఆలస్యానికి కారణం అన్న గడిలో ఆయన "పరిపాలనా కారణములు" అని రాశారు.

సోమాచారి లేచి వచ్చి, వేలుతో అక్షరాల వెంట పోతూ కూడబలుక్కుని చదివాడు.

"గిట్ల రాస్తే నేను రాను సార్. ఏం జరిగిందో గది రాయుండ్రి."

"ఆచారీ, అమ్మాయి లోపల..."

"అమ్మాయికేం గాదు సార్. ఎన్క దిక్కు చెక్కకు గాలి రంధ్రాలు పెట్టిన, నేనే చేసిన గద. రాయుండ్రి."

నల్లద్దాల వెనక ఆ మనిషి ఏం చూశారో నాకు తెలియదు. మమ్మల్నెవరినీ చూడనక్కర్లేకపోవడం వల్లనేమో, పెదవి వణుకుతున్నా దాచుకోలేదు. పాత మాట కొట్టేసి, వంకరటింకర అక్షరాలతో, గడి దాటి పక్క గడిలోకి పోతూ రాశారు: "ఆ రోజు నాలుగున్నరకు సోమాచారి పది నిమిషాలు అనుమతి అడిగాడు. నేను ఇవ్వలేదు. కాగితం ఎక్కడికీ పోదన్నాను. తప్పు నాది." కింద సంతకం చేశారు. తేదీ అడిగితే, 30-6-2009 అని తనే చెప్పారు.

సోమాచారి అంతా చదివాడు. తల ఊపాడు. ధర్మా నాయక్ చిన్న గేటు కాదు, కార్లు పోయే పెద్ద గేటు బార్లా తెరిచాడు. సోమాచారి నడిచిపోయి, బూతు తలుపు కింది మూల అరిచేత్తో ఒక్క తట్టు తట్టాడు. తలుపు తెరుచుకుంది. సరయు బయటికొచ్చి ఆయన్నే పట్టుకుని ఏడ్చింది.

పర్మనెంటు ఉద్యోగిగా సోమాచారికి సంస్థ ఇచ్చిన మొదటి కాగితం మర్నాడే అందింది. ఉభయభారతి గారు పంపిన మెమో. "శ్రీ వడ్ల సోమాచారి, సెట్ కార్పెంటర్ (పర్మనెంట్) గారికి: తాము విధులకు పదహారు సంవత్సరముల రెండు నెలలు ఆలస్యముగా హాజరైనందుకు, తమపై క్రమశిక్షణా చర్య ఎందుకు తీసుకోరాదో మూడు రోజులలోగా సంజాయిషీ ఇవ్వవలసినది."

నాకు ఒళ్ళు మండిపోయింది. నాకు వచ్చిన నకలు పట్టుకుని సోమాచారి కోసం వెతుక్కుంటూ పోయాను. టీ కొట్టు దగ్గర ఉన్నాడు. తనకిచ్చిన కాగితాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టించుకుని, వచ్చేపోయే వాళ్ళందరికీ చూపిస్తున్నాడు. మెమోలో సంగతి ఎవరినీ చదవనివ్వడం లేదు. మొదటి లైను మీద వేలు పెట్టి, "గీడ చూడుండ్రి," అంటున్నాడు. "శ్రీ అని రాసిండ్రు. గారు అని గుడ రాసిండ్రు."